కుడి చెవి ముచ్చట

చెవిలో పల్లీగింజంత ముక్క పెట్టుకుని, వైరూ పిన్నూ లేకుండా గాలితో మాట్లాడుకుంటూ తిరిగే పిల్లలకు ముందుగా ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. నేను విని బతికిన మనిషిని. మేడ్చల్‌లో ఫోన్లకు ఇయర్‌ఫోన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, ప్రతి జతనూ చెవిలో పెట్టుకుని పలుకుతోందో లేదో చూడటం నా ఉద్యోగం. అందులో చివరి ఆరేళ్లు నాకు కుడి చెవి వినబడలేదు. దాన్ని దాచిపెట్టి నెగ్గుకురావడంలో నా అంత తెలివిగలది మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా లేదని అనుకునేదాన్ని. ఎంత తెలివిగలదాన్నో మీరే చూడండి.

మా లైనుకు చివర ఉండేది చెవి బల్ల. ముందు వాళ్లు వైర్లు కోసి, టంకం పెట్టి, మూతలు బిగించి పంపితే చివర మేం ఆరుగురం ఆడవాళ్లం వినేవాళ్లం. మచ్చ బొల్లారం నుంచి నేను, కౌకూర్ నుంచి ఇద్దరు, మిగతా ముగ్గురూ గాజులరామారం నుంచి. బల్ల మధ్యలో ఒక ఇనుప పెట్టె, దానికి ఆరు రంధ్రాలు. జత పిన్నును రంధ్రంలో గుచ్చితే ముందు ఎడమ చెవిలో, తర్వాత కుడి చెవిలో సౌండ్ వచ్చేది. రెండూ పలికితే పచ్చ ట్రే, ఏది పలక్కపోయినా ఎర్ర ట్రే. పని అంతే. కాకపోతే రోజంతా అదే పని.

ఒక వానాకాలం నాకు జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ కుడి చెవిని వెంటబెట్టుకుపోయింది. ఇక రాదని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని బియ్యం డబ్బాలో దాచేసి మర్నాడు డ్యూటీకి వెళ్లాను. చెవి పోతే సీటు పోయినట్టేనని చేరిన రోజే మాతో సంతకం పెట్టించుకున్నారు. వయసు నిండి దిగిపోవడానికి నాకింకా ఆరేళ్లు ఉంది. అదొక్కటే కాదు. ఆ ఐదుగురు లేకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇంట్లో కూర్చుంటే మా ఆయనా నేనూ వారం లోపల కొట్టుకుంటాం.

కాబట్టి ఉపాయాలు పన్నాను. వైరు కాలంలో ఇయర్‌ఫోన్లు గుండ్రంగా ఉండేవి, కుడిదీ ఎడమదీ ఒకటే అచ్చు. టోపీ సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తి, కుడిదాన్ని చటుక్కున ఎడమ చెవిలోకి మార్చేదాన్ని. నెత్తి మీద కెమెరాకు నేను టోపీ సరిగా నిలవని మనిషిగానే కనిపించి ఉంటాను. ఏడాదికోసారి జరిగే చెవి పరీక్షలో నర్సమ్మ వెనక కూర్చుని మీట నొక్కేది. నొక్కినప్పుడల్లా ఆమె మోచెయ్యి కదలడం ఎదురుగా ఉన్న మందుల బీరువా అద్దంలో కనబడేది. మోచెయ్యి కదిలితే నేను వేలెత్తేదాన్ని. నాది పాముచెవి అని ఒక ఏడాది మెచ్చుకుంది కూడా.

టోపీ ఉపాయం ప్రతిసారీ పారేది కాదు. లైను జోరు మీదున్నప్పుడు కుడి పక్క వినకుండానే పచ్చ ట్రేలో పడేసేదాన్ని. అది తప్పే, సమర్థించుకోను. ఎక్కడో ఎవరో కొత్త ఫోను కొనుక్కుని ఆశగా పాట పెట్టుకుంటే కుడి పక్క మూగగా ఉండి ఉంటుందని తలుచుకుని చాలాసార్లు సిగ్గుపడ్డాను. సిగ్గుపడి, మళ్లీ పడేసేదాన్ని.

ఇక మా వార్తల సంగతి. ఇనుప పెట్టెలో కంపెనీ పెట్టిన కూత వినీ వినీ తలలు పగిలిపోతున్నాయని, నా కుడి పక్కన కూర్చునే గాజులరామారం ఆమె తన గొంతు రికార్డు చేసి పెట్టెలోకి ఎక్కించింది. ఆరుగురిలో చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది. రోజంతా "ఎడమ ఒకటి, ఎడమ రెండు, కుడి ఒకటి, కుడి రెండు" అనే ఆమె గొంతే నడిచేది. పొద్దున మొదటి పీసుకు మాత్రం చెవి బల్ల వార్తలు. ఫోనులో ఏదో చేసి, సగం వార్తలు ఎడమ చెవిలోకి, సగం కుడి చెవిలోకి వచ్చేలా పెట్టేది. ఆరుగురం ఒకేసారి పిన్నులు గుచ్చి, ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ వినేవాళ్లం.

"నమస్తే. కౌకూర్ అక్క బిడ్డకు సంబంధం కుదిరింది, పిలగానికి మీసాలింక రాలె. ఇయ్యాల క్యాంటీన్ పప్పుల పప్పు గూడ ఉన్నదంట, జల్దీ పోండ్రి." ఇలా ఉండేవి. ఎడమ చెవి వార్తలకు నేను కడుపారా నవ్వేదాన్ని. తర్వాత గొంతు కుడి చెవికి మారేది, నాకు లోకం ఆగిపోయేది. అందరూ నన్నే చూస్తుంటే టోపీ ఎలా సర్దుకోను? ఎదురుగా కూర్చున్న కౌకూర్ ఆమె భుజాలు కదలగానే నేనూ నవ్వేదాన్ని. ఒక్కోసారి "అబ్బ, గిదేం మాటనే" అని కూడా అనేదాన్ని. ఏం మాటో నాకు తెలిస్తే కదా.

వార్తల్లో రోజూ వడ్డింపు మా మేనేజరు గారికే. కోస్తా నుంచి వచ్చిన మనిషి, శామీర్‌పేట దారిలో కొత్తగా లేచిన కాలనీలో ఉండేవాడు. "అమ్మా", "అండీ" లేకుండా మాట వచ్చేది కాదు. ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. అలాంటి మనిషిని ఆటపట్టించకుండా వదిలితే పాపం తగులుతుందన్నట్టు ఉండేవాళ్లం. మేం లెక్కలు వింటున్నామనుకుని ఆయన గాజు గదిలోంచి తృప్తిగా చూసేవాడు.

నేను దిగిపోవడానికి ఇంకా రెండేళ్లుందనగా, మెల్లగా లైనులో పని సన్నగిల్లింది. టంకం వాళ్లు సగం రోజు గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేవాళ్లు. ఒకరోజు మేనేజరు గారు మమ్మల్ని పిలిచాడు.

"చూడండమ్మా, వైరు రోజులు అయిపోయాయి. ఇప్పుడు ఫోన్ల డబ్బాల్లో ఇయర్‌ఫోన్లు పెట్టడం మానేశారు. కొన్ని ఫోన్లకి పిన్ను గుచ్చే చోటు కూడా తీసేశారు. మనం ఇకనుంచి వైరు లేని బడ్స్ చేస్తాం. వాటిని వినడానికి మెషీను కూడా ఉందంటున్నారు. మీరు కావాలో మెషీను చాలో కొనేవాళ్ల ఇన్‌స్పెక్టరు గారు వచ్చి తేలుస్తారండి."

"గా మెషీనుకు చెవులున్నయా సార్?" అంది గాజులరామారం ఆమె.

"మైకు ఉంటుందమ్మా."

"మైకుకు ముచ్చట సమజైతదా?"

ఆయన నవ్వలేదు. ఒక్కొక్కరికి పది జతలు ఇస్తారని, వాటిలో పాడైనవి కలిపి ఉంటాయని, పట్టుకోలేనివాళ్ల సీటు పోతుందని చెప్పాడు. అందరూ మెషీను గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం బల్ల మీది కొత్త బడ్డును చూస్తున్నాను. కుడిది కుడి చెవికే, ఎడమది ఎడమ చెవికే అచ్చు పోసి ఉన్నాయి. కుడిదాన్ని ఎడమ చెవిలో కుక్కి చూశాను. జారి ఒళ్లో పడింది. ఇన్నేళ్ల టోపీ ఉపాయం దాంతోపాటే పడిపోయింది.

నాకు పది రోజులు గడువు ఉంది. మేడ్చల్ బస్టాండు పక్కన ఫోన్ల దుకాణంలో చవక రకం జత ఒకటి కొనుక్కొచ్చాను. కుడిదాన్ని ఎడమ చెవిలో నిలబెట్టడానికి చపాతీ పిండి అంటించి చూశాను. బడ్డు ఊడి వచ్చింది, పిండి చెవిలో ఉండిపోయింది. అగ్గిపుల్లతో తీసుకుంటుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "గిదేం పూజనే?" అన్నాడు. "చెవి పోటు" అన్నాను. పిండి పెడితే చెవి పోటు తగ్గుతుందని ఆయన నలుగురికీ చెప్పినట్టు తర్వాత తెలిసింది. రోజుకో ఉపాయం పన్నడం, సాయంత్రానికి అది చెడటం. నవ్వులాటగా చెబుతున్నాను గానీ ఆ పది రోజులూ నాకు అన్నం సహించలేదు. చివరికి, దొరికినప్పుడు దొరుకుదాం, ఏడవకుండా లేచి వచ్చేద్దాం అని మనసు గట్టి చేసుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున కూడా మేం వార్తలు మానలేదు. పెట్టె పోయింది కాబట్టి ఇప్పుడు ఒక్కొక్కరి ముందు ఒక్కో ఫోను ఉండేది. అందరం ఒకేసారి మీట నొక్కాం. ఎడమ చెవి వార్తలు వచ్చాయి, నవ్వాం. కుడి చెవి వార్తలు వచ్చాయి, కౌకూర్ ఆమె భుజాలు కదిలాయి, నవ్వాను. ఇంతలో ఆయన వస్తున్నాడని అరుపు. బడ్స్ తీసి డబ్బాల్లో పెట్టి, గబగబా కోట్లు సర్దుకుని నిలబడ్డాం.

మేం చేసిన పొరపాటు అక్కడే ఉంది. మేం వైరు కాలం మనుషులం. పిన్ను పీకితే గొంతు ఆగిపోయేది, మాకు ఆపడం అంటే అదే. ఫోను మీద వేలు పెట్టి ఆపాలన్న అలవాటు ఆరుగురిలో ఒక్కరికీ లేదు. వార్తలు ఫోనులో తిరిగి తిరిగి నడుస్తూనే ఉన్నాయి. డబ్బా మూత తీసి చెవిలో పెట్టుకుంటే చాలు, బడ్డు అంతకుముందు మాట్లాడిన ఫోనుతోనే మళ్లీ కలుస్తుంది.

ఇన్‌స్పెక్టరు పొడుగాటి మనిషి, హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు ముక్క రాదు. వచ్చీ రాగానే గాజులరామారం ఆమె ముందున్న డబ్బా తీసుకుని, మూత తెరిచి, రెండు బడ్సూ చెవుల్లో పెట్టుకున్నాడు. కాసేపు తలాడించాడు. కనుబొమలు పైకి లేచాయి. బడ్స్ తీసి మేనేజరు గారి చేతిలో పెట్టి, ఈ ఆవిడ ఏమంటోందని ఇంగ్లీషులో అడిగాడు.

అప్పుడు తట్టింది మాకు. గాజులరామారం ఆమె మొహం సున్నం కొట్టిన గోడ అయింది. మేనేజరు గారు బడ్స్ పెట్టుకున్నాడు. ఎడమ చెవిలో ఏం వస్తుందో నాకు కంఠతా వచ్చు. "సార్ కొత్త బూట్లు తెచ్చిండు. అవి కిర్రుకిర్రుమంటుంటయ్, సార్ ఒచ్చేది అరమైలు ముంగటనే ఎర్కైతది. బల్ల మీద కునికేటోళ్లందరి తరఫున గా బూట్లకు దండం." ఆయన ఒకసారి తల వంచి తన బూట్లు చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత కుడి చెవి వంతు వచ్చింది. అందులో ఏముందో నాకు తెలియదు. కానీ ఆయన తలెత్తి నేరుగా నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. బూట్లను ఆడిపోసుకున్నది వాళ్లయితే నన్ను చూస్తాడేంది ఈ మనిషి అనుకున్నాను.

బడ్స్ తీసి డబ్బాలో పెట్టి, మూత నొక్కి, ఇన్‌స్పెక్టరుతో ఇంగ్లీషులో చెప్పాడు. నాకు అర్థమైనంతలో, ఇవి పని నియమాలు, ఆడవాళ్లకు తేలిగ్గా ఉండాలని ఇక్కడి భాషలో పెట్టాం అని. ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలుగా కాగితం మీద ఏదో రాసుకున్నాడు. దాంతో ఆగితే బాగుండేది. మేనేజరు గారు ఇంకో మాట కలిపాడు. మా దగ్గర ఒక జతను ఇద్దరు వింటారు, ఒకరు ఎడమ, ఒకరు కుడి, రెండు చెవులూ ఒకరివే అయితే అలసిపోతాయి అన్నాడు.

మేం ఎన్నడూ అలా వినలేదు. ఆయన మాకేసి తిరిగి, "ఏమ్మా, రోజూలాగే జంటలుగా కూర్చోండి. మీరు ఎడమ," అని నాకు వేలు చూపించాడు. "నువ్వు కుడి," అని గాజులరామారం ఆమెకు.

నాకు నవ్వు ఆగలేదు. మా బల్ల మీద పని ఎలా జరుగుతుందో ఇన్నేళ్లలో ఈయన ఒక్కసారైనా చూశాడా అనుకున్నాను. చూడకపోవడమే నాకు వరమైంది అని కూడా అనుకున్నాను. ఇరవై జతలు మా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. నేను ఎడమ విన్నాను, ఆమె కుడి విన్నది. పాడైనవన్నీ పట్టేశాం. మిగతా రెండు జంటలూ పట్టేశాయి. ఇన్‌స్పెక్టరు వెంట తెచ్చిన మెషీను బాగున్నదని తేల్చి వదిలేసిన ఒక జతలో సన్నని గరగర ఉందని గాజులరామారం ఆమె పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు విని, ఆమెకు నమస్కారం పెట్టాడు. చెవి బల్ల ఉంటుందని, ఆరు సీట్లూ ఉంటాయని, ఇకమీదట కాగితం మీద కూడా జంటలుగానే వినాలని రాసి సంతకం చేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం షిఫ్టు దిగాక అందరూ కోట్లు మార్చుకోవడానికి వెళ్లారు. మేనేజరు గారు నన్నే ఎందుకు చూశాడన్నది పొద్దున్నుంచి నన్ను తొలుస్తూనే ఉంది. నా ముందున్న ఫోనులో పొద్దుటి వార్తలు పెట్టాను. కుడి బడ్డు నాకెందుకని డబ్బాలోనే వదిలేసి, ఎడమది ఒక్కటే పెట్టుకున్నాను. బూట్ల ముచ్చట వచ్చింది, నవ్వుకున్నాను. అది అయిపోయాక, ఇక ఏమీ ఉండదని తీసేయబోయాను. గొంతు ఆగలేదు.

కుడిది డబ్బాలో ఉంటే రెండు చెవుల మాటలూ కలిసి ఎడమ దాంట్లోకే వస్తాయని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. వైరు కాలంలో ఆ సదుపాయం లేదు.

"ఇగ కుడి చెవి. అక్క ఇనదు, మీరినుండ్రి," అంటోంది గాజులరామారం ఆమె. "ఇయ్యాల పెద్దసార్ ఒస్తుండు. పదిట్ల అక్కకు కుడి దిక్కుయి ఒక్కటి దొరకయ్. నేను పక్కపొంటే కూసుంట, బడ్డులకెళ్లి బయటికొచ్చే సప్పుడు ఇనుకుంట, కుడిది పాడైతె దగ్గుత. అక్కకు సమజైతె సరే, కాకుంటె మనమే ఏదన్న లొల్లి చెయ్యాలె. అక్క పచ్చ ట్రే రోజు లెక్కనే నేను దీస్కపోయి మల్లొకసారి ఇంట. నిన్న మూడు దొరికినయ్, ఎర్రట్ల ఏసిన. అక్కను ఎల్లగొడితె నాకీ బల్ల మీద మనసు వట్టది. అక్క మొకం దిక్కు సూడకుండ్రి. ఇగ నవ్వుండ్రి."

స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను. నీకు నడుం నొప్పి అక్కా, ట్రే నేను మోస్తా అని ఆమె ఇన్నేళ్లుగా నా చేతిలోంచి లాక్కుని వెళ్లడం, ప్యాకింగ్ గదిలో ఆలస్యం చేసి తిట్లు తినడం, అన్నీ గుర్తొచ్చాయి. ముందు కోపం వచ్చింది. ఇంతమంది కలిసి నన్ను బకరాను చేశారే అని నిజంగానే కోపం వచ్చింది. తర్వాత అసలు సంగతి బుర్రకెక్కింది. కుడి చెవిలో ఏనాడూ నవ్వులాట లేదు. వాళ్లు నవ్వింది నేను నవ్వుతానని. నేను నవ్వింది వాళ్లు నవ్వారని. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. మేనేజరు గారి గాజు గదిలో లైటు వెలుగుతోంది. వెళ్లి ఏదైనా చెప్పాలనిపించింది. ఏం చెప్పను? గుమ్మం దగ్గర నిలబడి, "సార్, బూట్లు మంచిగున్నయ్" అన్నాను. "థాంక్సండీ" అన్నాడు.

నాకు తెలిసిపోయిందని ఆ ఐదుగురికీ చెప్పలేదు. నన్ను అన్నేళ్లు ఆడించారు కదా, ఇక నా వంతు. రోజూ సాయంత్రం ఒక బడ్డు పెట్టుకుని, నా గురించి పొద్దున వాళ్లేం అనుకున్నారో వినేదాన్ని. "అక్క ఇయ్యాల కూర మస్తు తెచ్చింది, గాని ఉప్పు ఎక్కువైంది, ఎవ్వలు అనకుండ్రి" అని ఉంటే మర్నాడు ఉప్పు లేకుండా వండుకెళ్లేదాన్ని. వాళ్లు తినలేక తింటూ, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే నాకు పండుగ.

రెండేళ్లు ఇట్టే గడిచిపోయాయి. నేను దిగిపోయే రోజు పొద్దున మొదటి పీసుకు అందరం ఎవరి జత వాళ్లు తీశాం. నేను కుడి బడ్డును డబ్బాలోనే ఉంచి, డబ్బాను చేతిలో దాచుకుని, ఎడమది పెట్టుకున్నాను. ఒకేసారి మీట నొక్కాం. ఎడమ చెవిలో, అక్క ఇంటికి పోతాంది, ఇగ బావకు కష్టాలు మొదలు అని చెప్పింది. నవ్వాం.

"ఇగ కుడి చెవి," అంది. "ఇయ్యాలేం చెప్పాలె. ఎనిమిదేండ్లు గావట్టె నేనీ బల్లకొచ్చి. పని నేర్పింది అక్కనే. మా ఇంట్ల కష్టమైతె అన్నం దెచ్చి పెట్టింది అక్కనే. ఒక్కనాడు ఆ మాట మొకం మీద అనలె, సిగ్గైతది. రేపటి సంది గా ట్రే మోసే పని లేదు నాకు." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "అక్క సూస్తాంది. ఇగ నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. కౌకూర్ ఆమె తల వంచేసింది. గాజులరామారం ఆమె ట్రేలోని పీసులను ఊరికే అటూ ఇటూ సర్దుతోంది. ఎవరి భుజాలూ కదలడం లేదు. అప్పుడు నేనే ముందు నవ్వాను.

ఐదుగురూ తలెత్తారు. గాజులరామారం ఆమె నా మొహం చూసింది, నా ఎడమ చెవి చూసింది, తర్వాత నా గుప్పిట విప్పి డబ్బా తెరిచింది. కుడి బడ్డు అందులోనే ఉంది.

"ఎప్పటి సంది ఇంటున్నవ్ అక్కా?" అంది.

"పెద్దసార్ ఒచ్చిన నాటి సంది."

ఆమె ఆ డబ్బా బల్ల మీద పెట్టి, లేచి వచ్చి, నా వీపు మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే చరిచింది. ఆ తర్వాత నా భుజం మీద మొహం పెట్టుకుని, మేనేజరు గారు వచ్చి ఏమైందమ్మా అని అడిగేదాకా వదల్లేదు.